బ్రెంట్‌వుడ్ పక్కన వార్లీ: ఇంత చిన్న ఊళ్ళో ఈస్టిండియా కంపెనీ చర్చి ఎందుకుంది?

లష్కర్_పిల్లోడు

అందరికీ నమస్తే. మేం ఎసెక్స్‌లో బ్రెంట్‌వుడ్‌కి మారి రెండేళ్ళవుతోంది, లండన్‌కి ట్రైన్ ఈజీ అని ఇటొచ్చేశాం. మొన్న ఆదివారం పాపని తీసుకుని స్టేషన్ దగ్గర్నుంచి వార్లీ హిల్ ఎక్కి ఊరికే అలా నడుచుకుంటూ పోయాం. పైన ఈగిల్ వే అని ఒక రోడ్డుంది, ఆ పక్కన అపార్ట్‌మెంట్లు, వాటి దగ్గర్లోనే ఇటుకలతో కట్టిన ఒక చర్చి, చూడగానే ఇక్కడి ఊళ్ళల్లో ఉండే మామూలు చర్చిలా అనిపించలేదు, ఏదో ఇటలీ బొమ్మల్లో చూసినట్టుంది. తలుపులు మూసున్నాయి. ఇంటికొచ్చి వెతికితే దాన్ని 1857లో కట్టించింది ఈస్టిండియా కంపెనీ అట, ఇక్కడున్న తన బారక్స్‌లో (సైనికులుండే బసలు) వాళ్ళ కోసం!! నేను కాసేపు అలాగే కూర్చుండిపోయా.

మాది తిరుమలగిరి. అంటే కంటోన్మెంట్ గోడల పక్కన పుట్టి పెరిగినోణ్ణి. మా నాన్నమ్మ ఇప్పటికీ సికింద్రాబాద్‌ని లష్కర్ అనే అంటుంది, లష్కర్ బోనాలు అని అందరం అంటాం కదా. దండు దిగితే ఊరి పేరే మారిపోద్దని మాకు తెలుసు. కానీ ఆ దండు ఎక్కడ తయారై మన దాకా వచ్చిందో నేనెప్పుడూ ఆలోచించలేదు, ఇప్పుడు దాని పక్కనే అద్దెకుంటున్నానని తెలిస్తే ఒకలాగుంది.

అసలు ఈ వార్లీలోనే బారక్స్ ఎందుకు కట్టారు, అంతకుముందు అక్కడేముండేది, ఊరోళ్ళ భూములు పోయాయా, కంపెనీకి దీంతో పనేంటి, ఎవరికన్నా తెలిస్తే చెప్పండి. పాపకి స్కూల్లో లోకల్ హిస్టరీ ప్రాజెక్ట్ ఇచ్చారు, తొమ్మిదేళ్ళు దానికి, అందరూ రాసే ట్యూడర్ రాజుల గురించి కాకుండా దీని మీద రాయిద్దామని ఉంది.

థేమ్స్_గట్టు

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. నేను ఎసెక్స్‌లో ఉండబట్టి పదహారేళ్ళు, ఈ ఊళ్ళ చరిత్ర అంటే పిచ్చి నాకు, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా ఓపిగ్గా చదువు.

ముందు నేల సంగతి. ఇప్పుడు నువ్వు చూసిన ఆ గుట్ట మీదంతా ఒకప్పుడు వార్లీ కామన్. కామన్ అంటే మన మేత పోరంబోకు లాంటిది అనుకో, ఊరోళ్ళు గొడ్లు మేపుకునేవాళ్ళు, పొయ్యిలోకి పుల్లలేరుకునేవాళ్ళు. గ్రేట్ వార్లీ, లిటిల్ వార్లీ అని రెండు పారిష్‌లు, రెండూ సన్నగా పొడుగ్గా ఉండే ఊళ్ళే, పైకొస దగ్గర ఈ బీడు. ఎత్తైన చోటు, లండన్‌కి దగ్గర, ఇటు టిల్‌బరీ రేవు దగ్గర, సముద్రం మీదనుంచి శత్రువు ఎసెక్స్ ఒడ్డున దిగితే అడ్డం పోవడానికి వీలు. సైన్యం కన్ను దాని మీద పడ్డానికి ఇంతకంటే కారణమేం కావాలి.

1778లో అమెరికాతో యుద్ధం నడుస్తుంటే ఫ్రాన్స్ కూడా అమెరికా వైపు దిగింది. ఇంగ్లండ్‌లో భయం పట్టుకుంది. అప్పుడు కెంట్‌లో కాక్స్‌హీత్, ఇక్కడ వార్లీ, ఈ రెండు చోట్ల పెద్ద మిలిటరీ క్యాంపులు పెట్టారు. వేల మంది సైనికులు గుడారాలేసుకుని దిగారు. నాలుగు ఇళ్ళున్న ఊరికి అది ఎలా ఉండుంటదో ఊహించుకో, తిరనాళ్ళే. లండన్ నుంచి జనం బండ్లు కట్టుకుని మరీ చూడ్డానికొచ్చేవాళ్ళు. డిక్షనరీ రాసిన శామ్యూల్ జాన్సన్ అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డ ముసలాయన, లింకన్‌షైర్ మిలీషియాలో (జిల్లా దళం) ఉన్న స్నేహితుడు లాంగ్టన్ దగ్గరికొచ్చి కొన్ని రోజులు క్యాంపులోనే ఉన్నాడు, రాత్రి గస్తీకి కూడా వాళ్ళతో తిరిగాడు.

ఆ అక్టోబర్‌లో మూడో జార్జి రాజు, రాణీ షార్లెట్ వచ్చారు. పక్కనే థార్న్‌డన్ హాల్‌లో లార్డ్ పీటర్ ఇంట్లో బస. ఇందులో ఒక పెద్ద విషయముంది, ఆ పీటర్ కుటుంబం కాథలిక్కులు. అప్పటికి రెండొందల ఏళ్ళుగా ఇంగ్లండ్‌లో కాథలిక్కుల మీద కట్టుబాట్లు, పదవులు లేవు, సైన్యంలో చోటు లేదు. సరిగ్గా అదే సంవత్సరం ఆ చట్టాలు కాస్త సడలించారు, అదే సంవత్సరం రాజు వచ్చి ఒక కాథలిక్ ప్రభువు ఇంట్లో పడుకున్నాడు. ఆ క్యాంపు మీద లూథర్‌బర్గ్ అనే పెయింటర్ రెండు పెద్ద బొమ్మలేశాడు, ఉత్తుత్తి యుద్ధం ఒకటి, రాజు ముందు కవాతు ఒకటి. అవి ఇప్పటికీ రాజకుటుంబం దగ్గరే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఫొటోలు దొరుకుతాయి, పాప ప్రాజెక్ట్‌కి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

గుడారాలు పోయి గోడలు లేచింది మాత్రం నెపోలియన్ కాలంలో. 1804-05లో ప్రభుత్వం కామన్‌లో భూమి కొని గుర్రపు దళం కోసం బారక్స్ కట్టింది. అంతే, మేత బీడులో కొంత ఎప్పటికీ వెనక్కి రాలేదు. 1815లో వాటర్లూ అయ్యాక యుద్ధ భయం పోయింది, ఆ బారక్స్‌కి ముందున్నంత పని లేదు. అప్పుడొచ్చింది కంపెనీ.

కంపెనీ సైన్యంలో సిపాయిలే కాదు, సొంతంగా తెల్ల రెజిమెంట్లు కూడా ఉండేవి, అవి రాణీ సైన్యం కాదు, జీతమిచ్చేది కంపెనీ. ఆ కుర్రాళ్ళని ఇక్కడ చేర్చుకుని డ్రిల్లు నేర్పి ఓడెక్కించడానికి ఒక డిపో కావాలి. ముందు చాతమ్‌లో ఉండేది, అక్కడ చోటు చాలక 1843లో వార్లీకి మార్చారు. అప్పటికి బ్రెంట్‌వుడ్‌కి రైలు వచ్చి మూడేళ్ళయింది, 1840లో వచ్చింది, అదీ కలిసొచ్చింది. కంపెనీ బిల్డింగులకి సర్వేయర్‌గా ఉన్న మాథ్యూ డిగ్బీ వయాట్ గీసిందే నువ్వు చూసిన చర్చి. నీకు ఇటలీ లాగా అనిపించింది కదా, ఆయన కావాలని ఆ పద్ధతిలోనే కట్టాడు.

చర్చి కట్టిన ఏడే 1857. ఇక్కడ ఇటుకలు పేరుస్తుంటే అక్కడ మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. మరుసటేడు కంపెనీ పాలన పోయింది, 1861లో బారక్స్ బ్రిటిష్ సర్కారు చేతికొచ్చింది. అంటే వార్లీలో కంపెనీ ఉంది మొత్తం పద్దెనిమిదేళ్ళే.

ఆ తర్వాతంతా ఎసెక్స్ రెజిమెంట్ కథ. 44వ, 56వ రెజిమెంట్లు రెండూ 1881లో కలిపేసి ఎసెక్స్ రెజిమెంట్ చేశారు, వాళ్ళ ఇల్లు వార్లీ. ఈగిల్ వే పేరు కూడా వాళ్ళదే, 1812లో స్పెయిన్‌లో సలమాంకా యుద్ధంలో 44వ రెజిమెంట్ ఫ్రెంచి వాళ్ళ జెండా కర్ర మీదుండే గద్ద బొమ్మని గెలుచుకుంది. ఆ గద్ద చెల్మ్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. 1958లో ఈ రెజిమెంట్‌ని ఇంకోదాంతో కలిపేశారు, తర్వాత బారక్స్ మూసేశారు. ఆ చోట్లో 1964లో ఫోర్డ్ కార్ల కంపెనీ బ్రిటన్ హెడ్డాఫీసు పెట్టింది, 2019లో వాళ్ళూ ఖాళీ చేశారు. చర్చి మిగిలింది. పాత ఆఫీసర్స్ మెస్ మిగిలింది, అది ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్ అయ్యింది.

బందరు_రేవు

థేమ్స్ గారు బాగా రాశారండీ. ఇందులో మన వైపు ముక్క నేను కలుపుతా, ఎందుకంటే ఆ ఓడెక్కిన కుర్రాళ్ళలో మద్రాస్ లిస్టు వాళ్ళు దిగింది మన ఒడ్డునే.

కంపెనీకి మూడు సైన్యాలు కదా, బెంగాల్, మద్రాస్, బొంబాయి. వార్లీలో పేరిచ్చిన కుర్రాడికి ఏ సైన్యమో రాసి పంపేవాళ్ళు. వాళ్ళల్లో ఐర్లాండ్ వాళ్ళు చాలా మంది, ఆ రోజుల్లో కంపెనీ తెల్ల సైనికుల్లో సగం దాకా వాళ్ళే అంటారు. 1845 తర్వాత అక్కడ బంగాళాదుంప పంటకి తెగులొచ్చి కరువు, తిండి లేదు, ఇక్కడ రోజుకో షిల్లింగ్ జీతం, ఎవడైనా వస్తాడు. అంటే వార్లీ గుట్టమీద డ్రిల్లు చేసినవాళ్ళందరూ దేశాలు జయించాలని వచ్చినవాళ్ళు కాదు, కడుపు కోసం వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇది నేను మరిచిపోకుండా ఉండాలనుకునే విషయం, మన సిపాయిలు చేరిందీ అందుకే కదా.

ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి, నెలల ప్రయాణం. తీరా వచ్చాక మద్రాసులో హార్బర్ లేదు అప్పటికి. ఓడ దూరంగా లంగరేసేది, అక్కణ్ణుంచి మసూలా పడవల్లో ఒడ్డుకి. మేకులు లేకుండా చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టి చేసిన పడవలు, అల కొడితే వంగుతాయి కానీ విరగవు. సముద్రమే చూడని ఎసెక్స్ పల్లెటూరి కుర్రాడికి ఇండియా అంటే మొదట తెలిసింది ఆ పడవ, దాన్ని నడిపే మన కోస్తా బెస్తవాళ్ళ కేకలు.

అక్కణ్ణుంచి ఎటు పంపితే అటు. సికింద్రాబాద్, బళ్ళారి, బందరు. మా బందరు కోటకీ మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్‌కీ పాత లెక్కలున్నాయి, 1809లో ఆ రెజిమెంట్ ఆఫీసర్లే గవర్నర్ బార్లో మీద కోపంతో తిరగబడి, పైనుంచి వచ్చిన కమాండర్ ఇన్నిస్‌ని కోటలో నిర్బంధించారు. తిరుగుబాటు అంటే 1857 ఒక్కటే గుర్తొస్తుంది మనకి, తెల్ల ఆఫీసర్లు చేసిన తిరుగుబాటు మా ఊళ్ళో దానికి దాదాపు యాభై ఏళ్ళ ముందే జరిగింది. తర్వాత 1864 నవంబర్ 1న ఉప్పెన వచ్చింది. 30 వేల మంది పోయారు. మా ఇంట్లో ముసలాళ్ళు కాలాన్ని ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత అని లెక్కేసేవాళ్ళని మా తాతయ్య చెప్పేవాడు. దాంతో దండు కూడా బందరు వదిలేసింది. ఇప్పుడు కోట గోడలు శిథిలాలు, వర్షాకాలం వెళ్తే మోకాలి దాకా గడ్డి. వార్లీలో చర్చిని చూసుకునేవాళ్ళున్నారు, మా బందరు కోటని చూసుకునేవాళ్ళు లేరు, అదే నా బాధ.

ఇంకోటి. 1858లో కంపెనీ పోయి రాణీ సర్కారు రాగానే ఈ తెల్ల సైనికుల్ని అడక్కుండానే రాణీ సైన్యంలోకి బదిలీ చేశారు. "మేం కంపెనీకి సంతకం పెట్టాం, మమ్మల్ని పశువుల్లాగా చేతులు మారుస్తారా" అన్న ధోరణిలో గొడవ లేచింది, 1859లో. ఎక్కువ బెంగాల్ వైపు. చివరికి 10 వేల మంది పైనే ఉద్యోగం వదులుకుని తిరిగి ఇంగ్లండ్ ఓడెక్కారు. మద్రాస్ ఫ్యూజిలీర్స్ (పైన చెప్పిన మద్రాస్ యూరోపియన్ రెజిమెంటే, పేరు మారింది) మాత్రం మిగిలి తర్వాత రాయల్ డబ్లిన్ ఫ్యూజిలీర్స్ అయ్యింది, ఐర్లాండ్ విడిపోయాక 1922లో రద్దు చేశారు.

పాత_కాగితాలు

పైన ఇద్దరూ బారక్స్ గురించే చెప్పారు, కానీ లష్కర్ గారూ, మీరు అడిగింది ఊరి గురించి కూడా కదా. ఊరంటే బారక్స్ కాదు. గుట్ట మీద బారక్స్, దక్షిణంగా దిగితే అసలు గ్రేట్ వార్లీ పల్లె, పచ్చిక చుట్టూ పాత ఇళ్ళు, అటెళ్ళకపోతే సగమే చూసినట్టు.

పారిష్ అంటే చర్చికి సంబంధించిన ఏరియా మాత్రమే అనుకుంటాం, కానీ అది మన పంచాయతీ లాంటిది కూడా. రోడ్డు బాగుచేసుకోవాలన్నా, దిక్కులేనివాళ్ళకి గింజలివ్వాలన్నా పారిష్ ప్రజలే పన్ను కట్టుకోవాలి. అందుకే పక్కన సైన్యం ఉండటమంటే చిన్న ఊరికి లాభమూ భయమూ రెండూనూ. సారా కొట్లకి, రొట్టెలోళ్ళకి, బట్టలుతికే ఆడవాళ్ళకి బేరం. కానీ సైనికుడు ఓడెక్కితే పెళ్ళాన్ని తీసుకెళ్ళే పర్మిషన్ కొద్దిమందికే, మిగతా ఆడవాళ్ళు చంటిపిల్లలతో ఇక్కడే. వాళ్ళకి తిండి ఎవరు పెట్టాలి, ఏ పారిష్ వాళ్ళు అనేది అప్పట్లో పెద్ద తగువు, సొంత పారిష్ ఏదో తేల్చి అక్కడికి పంపించేసేవాళ్ళు. చరిత్ర పుస్తకాల్లో రెజిమెంట్ గెలిచిన గద్ద గురించి పేజీలు పేజీలుంటాయి, ఈ ఆడవాళ్ళ గురించి ఒక్క వాక్యం కనపడదు. నాకు అదే పెద్ద కొరత.

గ్రేట్ వార్లీ పాత కథ కూడా బావుంటుంది. మధ్యయుగంలో ఈ ఊరు బార్కింగ్ సన్యాసినుల మఠానిది, ఆ మఠం పెద్దమ్మ పేరు మీదే ఊరిని వార్లీ అబ్బెస్ అనేవాళ్ళు. ఒక ఆడమనిషి పెత్తనం కింద ఊరు శతాబ్దాలపాటు ఉంది. 1539లో ఎనిమిదో హెన్రీ మఠం మూసేయించాడు. తర్వాత 1649లో డైరీ రాసిన జాన్ ఈవ్లిన్ ఈ జమీ కొన్నాడు, అంతర్యుద్ధం తర్వాత ఎసెక్స్ మీద పన్నులు ఎంత మోపారంటే వచ్చిన శిస్తు వాటికే పోతోందని ఆరేళ్ళకే అమ్మేసుకున్నాడు.

పాత చర్చి పల్లెకి దూరంగా దక్షిణాన ఉండేది, జనమేమో ఎత్తు మీదకి వచ్చేశారు. అందుకని ఈవ్లిన్ హెసెల్‌టైన్ అనే ధనవంతుడు చనిపోయిన అన్నదమ్ముడి జ్ఞాపకంగా 1902-04లో పల్లె దగ్గర కొత్త సెయింట్ మేరీ చర్చి కట్టించాడు. బయట్నుంచి మామూలు పల్లె చర్చే. లోపల మాత్రం అల్యూమినియం, ముత్యపు చిప్ప, ఇత్తడి చెట్లు, వాటికి పళ్ళు. దేశంలో అరుదైన చర్చిల్లో ఒకటి, గ్రేడ్ 1 లిస్టులో (కాపాడాల్సిన కట్టడాల్లో అన్నిటికంటే పై స్థాయి) ఉంది. తప్పకుండా చూడండి.

దాని దగ్గరే వార్లీ ప్లేస్, ఎలెన్ విల్మాట్ గారి తోట. ఒకప్పుడు వంద మంది దాకా తోటమాలులు పనిచేశారు అక్కడ. 1897లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 60 మందికి గొప్ప మెడల్ ఇస్తే అందులో ఆడవాళ్ళు ఇద్దరే, ఈమె ఒకరు. ఆస్తంతా మొక్కల మీద, తోటల మీద పెట్టేసి 1934లో పోయింది. ఇల్లు 1939లో కూల్చేశారు. ఇప్పుడు ఎసెక్స్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ చూసుకుంటోంది, వసంతంలో ఆ మొండిగోడల మధ్య డాఫొడిల్స్ విరగబూస్తాయి.

ప్రాజెక్ట్ కోసం కాగితాలు కావాలంటే: ఊరి పుట్టుక, పెళ్ళి, చావుల రిజిస్టర్లు చెల్మ్స్‌ఫర్డ్‌లో ఎసెక్స్ రికార్డ్ ఆఫీస్‌లో. కంపెనీ రిక్రూట్ల రిజిస్టర్లు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో, ఎల్ మిల్ 9 అనే సిరీస్. ఎత్తెంత, కళ్ళ రంగేంటి, చేరకముందు ఏం పని చేసేవాడు, ఏ ఓడలో పోయాడు, ఇలాంటివన్నీ ఉంటాయి. మద్రాస్ సైన్యం వివరాలు ఎల్ మిల్ 11. ఒక కుర్రాడి పేరు పట్టుకుని ఇక్కడి రిజిస్టర్ నుంచి మద్రాసు చర్చి సమాధుల లిస్టు దాకా వెంబడించొచ్చు. నేనొకసారి అలా ఒకణ్ణి వెతికా, చేరినప్పుడు వయసు పంతొమ్మిది, రెండేళ్ళకి సమాధుల లిస్టులో దొరికాడు, జ్వరం. ఆ రోజు ఇంకేం చదవబుద్ధి కాలేదు.

నాన్నకూచి_లండన్

ఇంకొక్క సంగతి చెప్పి వెళ్తా. మొదటి ప్రపంచ యుద్ధంలో వార్లీలో ఐరిష్ గార్డ్స్ ఉండేవాళ్ళు. బొంబాయిలో పుట్టిన కవి కిప్లింగ్ ఉన్నాడు కదా, ఆయన కొడుకు జాన్ ట్రైనింగ్ అక్కడే. కంటిచూపు బాలేదని ముందు ఆర్మీ తీసుకోలేదు, తండ్రే పెద్దవాళ్ళకి చెప్పి ఐరిష్ గార్డ్స్‌లో ఇప్పించాడు. 1915 ఆగస్టులో ఫ్రాన్స్ వెళ్ళాడు, సెప్టెంబర్ 27న లూస్ యుద్ధంలో పోయాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండి నెలన్నర కూడా కాలేదు. తండ్రి బతికుండగా శవం దొరకలేదు. ఆ వార్లీ హిల్ మీద నేను చాలాసార్లు డ్రైవ్ చేశా, ఇది తెలిశాక మాత్రం అక్కడికి రాగానే మా అబ్బాయి గుర్తొస్తాడు, వాడికిప్పుడు పదిహేడు.

లష్కర్_పిల్లోడు

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. నిన్న శనివారం మళ్ళీ వెళ్ళొచ్చాం, ఈసారి పాత కాగితాలు గారు చెప్పినట్టు పల్లె దాకా. సెయింట్ మేరీ చర్చి తలుపు తీసే ఉంది. పాప ఆ ఇత్తడి చెట్ల దగ్గర్నుంచి కదల్లేదు. వార్లీ ప్లేస్‌లో డాఫొడిల్స్ నిజంగానే విరగబూసున్నాయి, ఇల్లుండిన చోట గోడల పునాదులు తప్ప ఏం లేదు.

బందరు గారూ, మీ మసూలా పడవ పాపకి బాగా పట్టేసింది. మేకులు లేకుండా పడవ ఎలా నిలుస్తుంది అని రాత్రి దాకా ఒకటే ప్రశ్నలు, చివరికి అట్టముక్కలు దారంతో కుట్టి చేసింది, ప్రాజెక్ట్ చార్టులో ఒక పక్క వార్లీ బారక్స్ బొమ్మ, ఇంకో పక్క ఈ పడవ, మధ్యలో ఆఫ్రికా చుట్టూ ఎర్ర స్కెచ్‌పెన్ గీత. ఆడవాళ్ళ సంగతి కూడా రాస్తానంది, "వాళ్ళమ్మని వదిలేసి పడవెక్కిన పిల్లోడు" అని కాదు, "పడవెక్కిన నాన్నకోసం ఉన్న పిల్ల" అని మొదలుపెట్టింది. నేనేం దిద్దలేదు.

అమ్మకి ఫోన్‌లో చెప్పా ఇదంతా. ఆవిడ ఒక్కటే అడిగింది, మరి ఆ బీడులో గొడ్లు మేపుకునేవాళ్ళకి తర్వాత ఎక్కడ చోటిచ్చారు అని. మా తాతకి తిరుమలగిరి దగ్గర బర్రెలుండేవి, మిలిటరీ కంచె పడ్డాక ఎటు తోలాలో తెలీక అమ్మేసుకున్నాడు, అందుకడిగింది. థేమ్స్ గారూ, ఎసెక్స్ రికార్డ్ ఆఫీస్‌లో దీని గురించి కాగితాలు ఎక్కడ వెతకాలో తెలిస్తే చెప్పండి. వచ్చే నెల రెండో శనివారం చెల్మ్స్‌ఫర్డ్ వెళ్తున్నాం, ఆ గద్దని కూడా చూస్తాం. బ్రెంట్‌వుడ్ వైపునుంచి ఎవరన్నా వస్తానంటే కార్లో రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి.

థేమ్స్_గట్టు

నేనొస్తా. కామన్ సంగతి తేలాలంటే ముందు రెండు పారిష్‌ల పాత మ్యాపులు తీయించాలి, 1840ల ప్రాంతం నాటి టైద్ మ్యాపులు (చర్చికి కట్టే పంట పన్ను కోసం గీసినవి), ఏ చెక్క ఎవరిదో, ఎవరు సాగు చేసేవాళ్ళో నంబర్లతో సహా ఉంటుంది. బారక్స్ కట్టక ముందుది కావాలంటే 1777 నాటి చాప్‌మన్, ఆండ్రే గార్ల ఎసెక్స్ మ్యాపు చూద్దాం, క్యాంపు పడటానికి సరిగ్గా ఏడాది ముందుది. అమ్మగారి ప్రశ్నకి అక్కణ్ణుంచే మొదలుపెడదాం. పొద్దున తొమ్మిదికి స్టేషన్ బయట ఉంటా.